చెరువు కట్ట మీద గాలం: ఆరితేరిన పెద్దల పద్ధతిలో మొదటి నుంచి చివరి దాకా

వరంగల్, హనుమకొండ, ములుగు, జనగామ, మహబూబాబాద్, కరీంనగర్ వైపు చెరువుల్లో గాలంతో చేపలు పట్టడం నేర్చుకునేవాళ్ల కోసం రాసిన మార్గదర్శి ఇది. ఏళ్ల తరబడి గాలం పట్టిన పెద్దమనిషి పక్కన కూర్చుంటే తెలిసే విషయాలనే ఇక్కడ వరుసగా చెబుతున్నాం.

కొత్తవాళ్లు కట్ట ఎక్కగానే అడిగే మొదటి ప్రశ్న "ఏం ఎర వేయాలె?" అనే. అనుభవం ఉన్నవాళ్లు ఎర డబ్బా మూత తీసేది అన్నిటికంటే చివర. ముందు నీళ్లు చూస్తారు, తర్వాత లోతు కొలుస్తారు, ఆ తర్వాత మేత చల్లుతారు, అప్పుడు గానీ కొక్కేనికి ఎర గుచ్చరు. ఈ వరుస తప్పితే సామాను ఎంత ఖరీదైనదైనా నీటి మీద తేలే బెండు కదలదు. చేప లేని చోట, లేదా చేప తిరగని లోతులో, మంచి ఎర కూడా వృథాయే.

ముందు అడగండి

మన దగ్గర చాలా చెరువుల్లో చేపలు పట్టే హక్కు ఆ ఊరి మత్స్య సహకార సంఘానిది. చేపపిల్లలు వదిలేది, కావలి కాసేది, ఎండాకాలం నీళ్లు తగ్గాక వలలు వేసి పట్టి అమ్ముకునేది వాళ్లే. కాబట్టి కట్ట ఎక్కే ముందు సంఘం పెద్దను కలిసి, గాలం వేసుకోవచ్చా, ఎంత కట్టాలి, ఎన్ని గాలాలు వేయొచ్చు, ఎన్ని కిలోలు తీసుకుపోవచ్చు అని మాట్లాడుకోవాలి. పాఖాల లాంటి చోట్ల చెరువు అభయారణ్యం పరిధిలో ఉంటుంది కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా గాలం తీయొద్దు. తాగునీటి చెరువుల దగ్గర బోర్డు మీద ఏముందో చదవండి. నీళ్లలో విషపు మందు కలపడం, తోటాలు పేల్చడం 1897 నాటి భారత మత్స్య చట్టం నుంచీ నేరమే. బ్యాటరీ పెట్టి కరెంటు షాకుతో పట్టేవాళ్ల పక్కన కూర్చోవద్దు. అది పిల్లచేపల్నీ వదలదు, నీళ్లలో కాలు పెట్టిన మనిషినీ వదలదు.

పెద్దాయన వెంట వెళ్తుంటే ఇంకో మర్యాద ఉంది. ఆయన మేత చల్లుకున్న జాగా ఆయనదే. "కాకా, ఈడ కూసోవచ్చా?" అని అడిగి, కనీసం పది అడుగులు ఎడంగా కూర్చోవాలి. ఆయన దారం మీదుగా మీ దారం వేయొద్దు. కట్ట మీద అడుగులు గట్టిగా వేయొద్దు. మాట చప్పుడు కంటే అడుగుల అదురు నీళ్లలోకి బాగా పోతుంది. దరికి దగ్గరగా మేసే రవ్వ (రోహు), బంగారుతీగ (కామన్ కార్ప్) ఆ అదురుకే లోపలికి జరుగుతాయి.

నీళ్లు చూడటం

కాకతీయుల కాలం నుంచి మన చెరువుల కట్టుబడి దాదాపు ఒకే తీరుగా ఉంది. ఒకవైపు కట్ట, దాని లోపలి ఏటవాలుకు రాతికట్టు, పొలాలకు నీళ్లు వదిలే తూము, ఎక్కువైన నీళ్లు పోయే మత్తడి, ఎదురుగా వాగు వచ్చి కలిసే శిఖం. పాఖాల, రామప్ప, లక్నవరం అయినా, ఊరి పక్కన చిన్న కుంట అయినా ఈ అయిదింటినీ గుర్తుపడితే నీళ్ల అడుగున నేల ఎట్లా ఉందో సగం తెలిసినట్టే.

లోతు ఎక్కువగా ఉండేది తూము దగ్గర. చివరి నీళ్లు కూడా పారడానికి తూమును పల్లంలోనే కడతారు. ఎండాకాలం మధ్యాహ్నం, చలికాలం తెల్లవారుజామున చేపలు ఈ లోతులోకే దిగుతాయి. అయితే తూము తెరిచి ఉన్నప్పుడు దాని నోటికి దగ్గరగా గాలం వేయొద్దు. నీటి గుంజుడుకు ఎర నిలవదు. మనిషి జారితే ప్రాణానికే ప్రమాదం.

రాతికట్టు రాళ్ల మీద పాకే నాచును గీక్కుని తినడం రవ్వకు అలవాటు. కట్ట వెంబడి నీళ్లకు ఒక అడుగు లోపల రాళ్లు కొంత మేర పచ్చగా, కొంత మేర నున్నగా కనిపిస్తే ఆ నున్నటి చోట రవ్వ మేస్తోందని అర్థం. రాళ్ల సందుల్లో జెల్లలు, ఎండ్రకాయలు ఉంటాయి. కొక్కెం చిక్కుకునేదీ అక్కడే.

శిఖం వైపు నీళ్లు లోతు తక్కువ. తుంగ, తామర, గుర్రపుడెక్క ఉంటాయి. కొర్రమీను ఇల్లు అదే. కొత్త వాన నీరు వాగులోంచి చేరే రోజుల్లో చేపలు ఆ పారుకానికి ఎదురెక్కుతాయి. మత్తడి దూకేటప్పుడు కింది మడుగులో చిన్న చేపలు గుంపులు కడతాయి, వాటి కోసం పెద్దవి వస్తాయి.

గాలి సంగతి చాలామంది పట్టించుకోరు. రెండు మూడు గంటలు ఒకే దిక్కు నుంచి గాలి వీస్తే పైనీటిలోని మేత, పురుగులు ఎదుటి దరికి చేరతాయి. అలలు తగిలే ఆ దరిలో ప్రాణవాయువు కూడా ఎక్కువ కలుస్తుంది. ముఖానికి గాలి కొట్టే వైపు కూర్చోవడం ఇబ్బందే, కానీ బొచ్చె (కట్ల) ఆ వైపే తిరుగుతుంది.

కూర్చునే ముందు పావుగంట ఊరికే చూడండి. సన్నటి బుడగలు గుంపుగా లేచి కొంచెం కొంచెం జరుగుతుంటే అడుగున బంగారుతీగ బురద తవ్వుతోంది. పెద్ద బుడగలు ఒకే చోట అప్పుడప్పుడు లేస్తే అది అడుగున కుళ్లిన ఆకుల గాలి, చేప కాదు. నీటి మీద గుండ్రటి వలయం, గుటక వేసిన చప్పుడు వినిపిస్తే కొర్రమీను ఊపిరి కోసం పైకి వచ్చింది. చిన్న చేపలు ఒక్కసారి చెల్లాచెదురై పైకి ఎగిరితే కింద వేటాడే చేప ఉంది.

ఏ పూట, ఏ కాలం

ఎండాకాలం తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలి కనిపిస్తే సంతోషపడొద్దు. రాత్రంతా నాచు, చేపలు అన్నీ పీల్చుకోవడం వల్ల నీళ్లలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. ఆ స్థితిలో అవి ఎర ముట్టవు. ఎండ వచ్చి నాచు మళ్లీ ప్రాణవాయువు విడుదల చేశాక, ఎనిమిది తర్వాత తినడం మొదలుపెడతాయి. సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా ఇంకా మేలు. చలికాలంలో దీనికి ఎదురు. పొద్దున్నే పోయి వణకాల్సిన పని లేదు, పదకొండు నుంచి మూడు దాకా కూర్చుంటే చాలు. మబ్బు పట్టి ఉక్కపోసే రోజు పొద్దంతా మంచిదే. ఉరుము వినిపిస్తే మాత్రం గాలం చుట్టి కట్ట దిగిపోవాలి.

మృగశిర కార్తెకు చేపలు తినే ఆచారం మనది. సరిగ్గా ఆ వానల మొదట్లోనే చాలా చేపలు గుడ్లకు సిద్ధమవుతాయి. పొట్ట ఉబ్బి, నొక్కకుండానే గుడ్లు కారుతున్న చేప గాలానికి పడితే తిరిగి వదలడం మంచిది.

ఏ చేప ఎంత లోతులో

ప్రభుత్వం, సంఘాలు చెరువుల్లో వదిలే బొచ్చె, రవ్వ, మ్రిగాల మూడూ ఒకే నీళ్లలో మూడు అంతస్తుల్లో బతుకుతాయి. బొచ్చెది పైచూపు నోరు. పైనీటిలోని సన్నటి జీవాలను వడగట్టి తింటుంది. దానికి ఎర నీటి మట్టం నుంచి రెండు మూడు అడుగుల లోపే ఉండాలి. రవ్వ నడిమి నీళ్లలో తిరుగుతూ, రాళ్ల మీదా మేస్తుంది. దానికి ఎర చెరువు అడుగు నుంచి జానెడు ఎత్తున ఉండాలి. మ్రిగాల, బంగారుతీగ అడుగు బురదలో వెతుక్కుంటాయి కాబట్టి ఎర నేలకు ఆనాలి. జెల్లలు అడుగునే, సాయంత్రం తర్వాత. వాలుగ పెద్ద జలాశయాల్లో, గోదావరి మడుగుల్లో రాత్రిపూట తిరుగుతుంది. జిలేబీ (తిలాపియా) దరి పక్కన నడుములోతు నీళ్లలో. నేల మీద గిన్నెల్లాంటి గుంటలు కనిపిస్తే అవి దాని గూళ్లు.

అందుకే "చేపలు పట్టడానికి పోతున్నా" అని బయల్దేరకండి. "ఇయ్యాల రవ్వకు" అనుకుని బయల్దేరండి. కొక్కెం, లోతు, ఎర, మేత అన్నీ ఆ ఒక్క మాటను బట్టి మారతాయి.

సామాను

నేర్చుకోవడానికి వెదురు కర్ర చాలు, నిజానికి అదే మేలు. చేప చేసే ప్రతి చిన్న కదలికా చేతికి తెలుస్తుంది. 12 నుంచి 14 అడుగుల పొడవు, మొదట బొటనవేలంత, కొసన పెన్సిల్ కంటే సన్నం ఉండే ముదురు వెదురు ఎంచుకోండి. పచ్చిగా వాడితే వంగి అట్లే ఉండిపోతుంది. మూడు వారాలు నీడలో, అడ్డంగా పడుకోబెట్టి ఆరనివ్వాలి. వంకర ఉన్న కణుపును సన్నటి మంట మీద తిప్పుతూ వేడి చేసి, గుడ్డతో పట్టి సరిచేసి, చల్లారేదాకా అట్లే పట్టుకోవాలి. చివర ఆముదం పూసి తుడవాలి.

దారం కొసకు మాత్రమే కట్టడం కొత్తవాళ్ల పొరపాటు. కొస విరిగితే చేప, దారం, బెండు అన్నీ పోతాయి. కింది నుంచి మూడో వంతు ఎత్తున ఉన్న కణుపు దగ్గర మొదటి ముడి వేసి, దారాన్ని కర్ర వెంబడి రెండు మూడు చుట్లు తిప్పుతూ తెచ్చి, కొసన రెండో ముడి వేయాలి. కొస విరిగినా చేప కింది ముడికి వేలాడుతుంది. కొస నుంచి వేలాడే దారం కర్ర కంటే ఒక మూర తక్కువ ఉంటే, కర్ర లేపగానే కొక్కెం నేరుగా ఎడమ చేతికి అందుతుంది.

తంగూసు (నైలాన్) దారం మందం చేపను బట్టి ఉండాలి. పరకలు (చిన్న చేపలు), జిలేబీకి 0.20 మి.మీ., రవ్వ, బంగారుతీగకు 0.30, బొచ్చె పెద్దవి ఉన్న చెరువులో 0.35. ఇంతకంటే లావు దారం నీళ్లలో బిర్రుగా నిలుస్తుంది, ఎర సహజంగా దిగదు. కొక్కేల అంకెలు తలకిందులుగా ఉంటాయి, అంకె పెరిగితే కొక్కెం చిన్నది. పరకలకు 12, రవ్వకు 8, బంగారుతీగకు 6, కొర్రమీనుకు 1/0 నుంచి 3/0. పక్కన /0 ఉన్నవాటిలో మాత్రం అంకె పెరిగితే కొక్కెం పెద్దది. కొనేటప్పుడు కొసను బొటనవేలి గోటి మీద ఆనించి మెల్లగా లాగి చూడండి. గోటిని పట్టుకుంటే పదును ఉంది, జారితే లేదు. రాళ్లకు తగిలిన ప్రతిసారీ ఇదే పరీక్ష.

రీలు రాడ్ వాడేవాళ్లకు 8 నుంచి 10 అడుగుల రాడ్, 3000 సైజు స్పిన్నింగ్ రీలు సరిపోతాయి. రీలు డ్రాగ్‌ను (చేప లాగితే దారం వదిలే బిగువును) దారం బలంలో మూడో వంతుకు మించకుండా పెట్టాలి. 0.30 దారం సుమారు అయిదారు కిలోల బలం మోస్తుంది కాబట్టి, దారం కొసను స్ప్రింగ్ తూకానికి తగిలించి లాగితే ఒకటిన్నర, రెండు కిలోల దగ్గర రీలు వదలాలి. డ్రాగ్ పూర్తిగా బిగించి కూర్చోవడం వల్లే పెద్ద చేప మొదటి పరుగులోనే దారం తెగుతుంది.

బెండు కోసం జీలుగ బెండును మించింది లేదు. పెన్సిల్ మందం, అయిదు అంగుళాల పొడవు కోసి, రెండు కొసలూ సన్నగా చెక్కి, పై అంగుళానికి ఎర్ర రంగు, మిగతాదానికి వార్నిష్ పూయాలి. వార్నిష్ లేకపోతే గంటలో నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, అప్పుడు మీరు చేసిన తూకమంతా తప్పుతుంది.

ముడి

తెగిన దారాల్లో ఎక్కువ భాగం తెగేది ముడి దగ్గరే. నైలాన్ దారానికి ఈ ముడి నమ్మకమైనది:

1. దారం కొసను కొక్కెం కన్నులోంచి దూర్చి, జానెడు బయటికి తీయండి.
2. ఆ కొసను అసలు దారం చుట్టూ అయిదారు మెలికలు తిప్పండి.
3. కొసను వెనక్కి తెచ్చి, కన్నుకు ఆనుకుని మిగిలిన చిన్న ఉచ్చులోంచి దూర్చండి.
4. దీంతో కొత్తగా ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచి కూడా దూర్చండి.
5. ముడిని ఉమ్మితో గానీ నీళ్లతో గానీ తడిపి, అసలు దారాన్ని నెమ్మదిగా లాగి బిగించండి. మెలికలు పక్కపక్కనే చుట్టలా కూర్చోవాలి, ఒకదానిపై ఒకటి ఎక్కితే కోసి మళ్లీ వేయండి.
6. రెండు మి.మీ. వదిలి కొస కత్తిరించండి.

తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ ఆ చోట బలహీనపడుతుంది. కళ్లకు కనిపించదు, చేప పడ్డప్పుడు తెలుస్తుంది. అల్లిక దారానికి (బ్రెయిడ్) ఈ ముడి జారుతుంది. దానికి దారాన్ని రెండు పేటలు చేసి కన్నులోంచి దూర్చి, మామూలు ముడి వేసి, మిగిలిన ఉచ్చులోంచి కొక్కేన్నే దాటించి బిగించాలి.

బెండు తూకం, లోతు కొలత

ఈ రెండు పనులకు పెద్దవాళ్లు అరగంట ఖర్చు చేస్తారు. పక్కవాడు అప్పటికే నాలుగుసార్లు గాలం విసిరి ఉంటాడు. అయినా తొందరపడరు.

బెండు నీళ్లలో నిటారుగా నిలిచి, పైన అర అంగుళం నుంచి అంగుళం మాత్రమే కనిపించేదాకా సీసం గుండ్లు చేర్చాలి. సగం బెండు పైకి తేలుతుంటే, చేప ఎర నోట్లోకి తీసుకోగానే ఆ తేలుడు బరువు దానికి తెలిసి వెంటనే ఉమ్మేస్తుంది. బెండు "కొంచెం కదిలి ఆగిపోతోంది" అని బాధపడేవాళ్ల సమస్య చాలాసార్లు ఇదే. గుండ్లన్నీ ఒకే చోట పెట్టొద్దు. పెద్ద గుండ్లు కొక్కేనికి జానెడున్నర పైన, చివరి చిన్న గుండు మూడు అంగుళాల పైన ఉండాలి. ఆ చిన్న గుండును చేప ఎత్తితే బెండు మునగదు, పైకి లేస్తుంది. లేవడమూ చేప పడ్డ గుర్తే.

లోతు కొలవడానికి కొక్కేనికి ఒక బరువైన సీసం గుండు తగిలించి, మీరు గాలం వేయబోయే చోటే దింపండి. బెండు మునిగిపోతే బెండుకూ కొక్కేనికీ మధ్య దారం చాలలేదు, బెండును పైకి జరపండి. బెండు పక్కకు పడుకుంటే దారం ఎక్కువైంది, కిందికి జరపండి. బెండు కొస సరిగ్గా నీటి మట్టానికి వచ్చినప్పుడు ఆ కొలతే లోతు. దాన్ని కర్ర మీద దారం కట్టి గుర్తు పెట్టుకోండి. అటు ఇటు మూడడుగుల దూరంలోనూ కొలవండి. పూడిక తీసిన చెరువుల్లో జేసీబీ గుంతల వల్ల రెండడుగుల తేడాలోనే లోతు మనిషెత్తు మారుతుంది. ఆ గుంత అంచు దొరికితే అదే మీ జాగా, చేపలు అంచు వెంబడే తిరుగుతాయి.

మేత, ఎర

మేత అంటే చేపల్ని చోటుకు పిలిచేది, ఎర అంటే కొక్కేనికి గుచ్చేది. రెండిటి వాసన ఒకటే ఉండాలి.

ఒక పూటకు మేత: తవుడు ఒక కిలో, పల్లిచెక్క పొడి అర కిలో, మక్కపిండి పావు కిలో, దోరగా వేయించి దంచిన మెంతులు రెండు చెంచాలు, బెల్లం 50 గ్రాములు. తవుడును పెనం మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. మాడితే చేదు. బెల్లం కరిగించిన చెరువు నీళ్లు చిలకరిస్తూ కలపాలి. పిడికిలి పట్టి నొక్కితే ముద్ద కావాలి, వేలితో తడితే విరగాలి. నీళ్లు ఎక్కువైతే ముద్ద బంకలా అడుగున కూర్చుంటుంది, తక్కువైతే నీటి మీదే పొడిగా తేలిపోతుంది. బొచ్చెకు మాత్రం పొడిపొడిగా ఉండి నడిమి నీళ్లలోనే విడిపోవడమే కావాలి, కాబట్టి నీళ్లు తగ్గించి తవుడు పెంచండి.

నిమ్మకాయ కంటే కొంచెం పెద్ద ముద్దలు నాలుగు, ఒకే చోట వేయండి. తర్వాత అరగంటకొకటి. ఎదురుగా ఉన్న చెట్టునో గుట్టనో గురి పెట్టుకుంటే చోటు తప్పదు. మేతంతా ఒక్కసారి గుమ్మరిస్తే చేపలు వస్తాయి, కడుపు నిండా తిని పోతాయి, మీ కొక్కెం జోలికి రావు.

రవ్వకు ఎర: గోధుమపిండి 100 గ్రాములు, శనగపిండి 50 గ్రాములు, పల్లిచెక్క మెత్తటి పొడి రెండు చెంచాలు, చిటికెడు ఇంగువ. గట్టిగా కలిపి, గుడ్డలో మూటకట్టి పది నిమిషాలు ఆవిరికి ఉడికించి, చల్లారాక చిటికెడు దూదిని విడదీసి పోగులుగా పిసకాలి. ఆ పోగుల వల్ల ముద్ద విసిరినా, పరకలు పొడిచినా కొక్కేనికి అంటుకుని ఉంటుంది. శనగగింజంత ముద్ద చాలు, కొక్కెం కొస మాత్రం పైపొరకు దగ్గరగా ఉండాలి. లోతుగా పాతిపెడితే గుంజినప్పుడు కొస పెదవికి అందదు.

బంగారుతీగకు మక్కలు. ఎండినవి ఒక రోజంతా నానబెట్టి, గోరు దిగేదాకా, అరగంటకు పైగా ఉడికించాలి. ఆ నీళ్లు పారబోయకుండా మేతలో కలపండి. జెల్లలకు, జిలేబీకి ఎర్రలు (వానపాములు). పెంటకుప్ప పక్కన తేమ నేలలో తవ్వి, కొబ్బరి చిప్పలో తడి మట్టితో నీడలో ఉంచాలి. ఎండకు పెడితే గంటలో మెత్తబడి కొక్కేనికి నిలవవు.

చేతి వాసన సంగతీ చెప్పాలి. పెట్రోలు, సబ్బు, పొగాకు, దోమల మందు వాసన ఉన్న చేతులతో ఎర ముట్టొద్దు. దరి మట్టితో రుద్దుకుని కడుక్కోండి.

బెండు ఏం చెబుతోంది, ఎప్పుడు గుంజాలి

టకటకమని సన్నగా వణికితే పరకలు ఎరను గిల్లుతున్నాయి, ఊరుకోండి. రవ్వ రెండుసార్లు తల ఊపినట్టు బెండును ఆడించి, ఆ తర్వాత ఏటవాలుగా తీసుకుపోతుంది. ఆ ఏటవాలు పోకలో గుంజాలి. బంగారుతీగ బెండును పైకి లేపుతుంది లేదా పడుకోబెడుతుంది, అప్పుడే పట్టాలి. బొచ్చె ఎరను పీల్చుకుంటుంది కాబట్టి బెండు చిన్నగా అదిరి అర అంగుళం దిగుతుంది, అంతే. దానికి ఆలస్యం చేయకూడదు. జెల్ల నేరుగా ముంచి పరుగెడుతుంది, అప్పటికే మింగేసి ఉంటుంది. మెల్లగా, బరువుగా, ఆగి ఆగి లాగుతుంటే ఎండ్రకాయో తాబేలో. తాబేలు పడితే పైకి వేలాడదీయొద్దు, దరికి తెచ్చి కొక్కెం తీసి, రాకపోతే నోటి దగ్గర దారం కోసి వదిలేయండి. దాన్ని తీసుకుపోవడం వన్యప్రాణి చట్టం కింద నేరం.

పెద్దాయన పక్కన ఉంటే ఈ ఘట్టంలో ఎక్కువసార్లు వినిపించే మాట "ఆగు బిడ్డా, ఇంకా నోట్లె వట్టలే". కొత్తవాళ్లు మొదటి వణుకుకే గుంజి ఎరను పరకల నోట్లోంచి లాగేస్తారు, దాంతో మేత దగ్గర చేరిన రవ్వలు బెదురుతాయి.

గుంజడం అంటే భుజం దాకా ఎత్తి వెనక్కి విసరడం కాదు. మణికట్టుతో ఒక అడుగు, చురుగ్గా. రవ్వ, బొచ్చెల పెదవులు మెత్తన. బలంగా గుంజితే పెదవి చిరిగి కొక్కెం ఊడి వస్తుంది. కొక్కెం మీద సన్నటి తెల్లటి తోలు ముక్క మిగిలితే జరిగింది అదే.

ఒడ్డుకు తేవడం

చేప పడగానే కర్రను నేలకు అరవై డిగ్రీల వంపులో నిలిపి ఉంచండి. చేప మీద పనిచేసే బలం ఆ వంపుదే. కర్రను చేప వైపు చాచితే బరువంతా దారం మీద పడుతుంది. చేప రాతికట్టు వైపో తుమ్మ మొద్దుల వైపో పోతుంటే కర్రను ఎదురు పక్కకు వంచి నడుస్తూ మళ్లించండి. పైకి ఎత్తడం కంటే పక్కకు లాగడం చేపను తొందరగా అలసేలా చేస్తుంది. వెదురు కర్రకు రీలు లేదు కాబట్టి పరుగు పెట్టినప్పుడు దరి వెంబడి మీరే దానితో నడవాలి. దారాన్ని చేత్తో పట్టుకోవద్దు. తెగుతుంది, లేదా వేళ్లు కోస్తుంది.

చేప పక్కకు తిరిగి పొట్ట చూపించేదాకా ఆగండి. చేతివలను నీళ్లలో ముంచి కదలకుండా ఉంచి, చేపను తలవైపు నుంచి దానిమీదికి తేవాలి. వలతో వెంటపడి తోక వైపు నుంచి ఎత్తబోతే చివరి దూకుడులో పోతుంది.

కొర్రమీను

2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన ఈ చేపకు బెండు, మేత పనికిరావు. వేటాడి తినే చేప. గాలి పీల్చడానికి కొద్ది నిమిషాలకొకసారి పైకి రావాల్సిందే, కాబట్టి దాని జాడ అదే చెప్పేస్తుంది. గుటక కనిపించిన చోట నేరుగా వేయకుండా, అయిదారు అడుగులు దాటించి వేసి, ఆ చోటు మీదుగా లాక్కురావాలి.

రబ్బరు కప్ప, అల్లిక దారం, ఏడడుగుల గట్టి రాడ్ వాడండి. కొక్కేలు పైకి తిరిగి కప్ప వీపుకు ఆనుకుని ఉండే రకమైతే తామరాకుల మీద చిక్కుకోదు. రెండు గుంజులు, ఒక ఆగుడు. ఎక్కువసార్లు అది ఆగినప్పుడే కొడుతుంది. నీళ్లు పగిలి చప్పుడు కాగానే గుంజితే కప్ప ఖాళీగా ఎగిరి మీ ముఖానికే వస్తుంది. రెండు సెకన్లు ఆగి, దారం బిగిసి బరువు తెలిశాక, ఈసారి గట్టిగా గుంజాలి. దీని నోరు ఎముక, రవ్వకు చేసినట్టు మెత్తగా చేస్తే కొక్కెం దిగదు. దిగిన మరుక్షణం తల పైకి వచ్చేలా లాగుతూనే ఉండాలి. ఒక్కసారి తుంగ, తామర వేళ్లలోకి దూరితే రాదు. బతికున్న బోదురు కప్పలను ఎరగా వాడొద్దు, వాటికీ చట్టం రక్షణ ఉంది.

వానాకాలం దరి పక్కన ఎర్రటి సన్నపిల్లల గుంపు నీటి మీద కదులుతూ కనిపిస్తే, కింద తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. కోపంతో దేన్నైనా కొడతాయి, పట్టడం చాలా సులువు. పట్టొద్దు. అవి పోతే ఆ గుంపును పరకలు, జిలేబీలు పూటలో ఖాళీ చేస్తాయి.

కొక్కెం తీయడం, జెల్ల ముల్లు

సన్నమూతి పట్టకారు జేబులోనే ఉండాలి. కొక్కెం లోపలికి దిగిన చేపను వదలాలనుకుంటే పీకొద్దు, దారం కోసి వదలండి. అర కిలో లోపు బొచ్చె, రవ్వ ఆ ఏడే వదిలిన పిల్లలు. తడి చేతులతో పట్టి, నీళ్లలోనే వదిలేయండి. పొడి చేతులు దాని మీది జిగటను తుడిచేస్తాయి, తర్వాత పుండ్లు పడతాయి.

జెల్లకు వీపు మీద ఒకటి, రెండు పక్కలా ఒక్కోటి ముళ్లు ఉంటాయి. తడి గుడ్డ కప్పి, పక్కముళ్ల వెనక వేళ్లు పెట్టి పట్టుకోవాలి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట నుంచి గంట పెడితే నొప్పి దిగుతుంది. ముల్లు విరిగి లోపల ఉన్నా, వాపు పెరుగుతున్నా ఆస్పత్రికి పోవాలి, టీటీ వేయించుకోవాలి.

బెండు కదలకపోతే

గంట దాటినా ఏమీ లేకపోతే కొత్తవాళ్లు అన్నీ ఒకేసారి మారుస్తారు. చేప పడ్డా దేనివల్ల పడిందో తెలియదు. ఒక్కొక్కటే మార్చండి. ముందు లోతు, అరడుగు చొప్పున. తర్వాత ఎర పరిమాణం సగానికి తగ్గించండి. తర్వాత కొక్కెం ఒక సైజు చిన్నది, దారం ఒక మెట్టు సన్నం. ఆ తర్వాత ఎర రకం. చోటు మార్చడం అన్నిటికంటే చివర, ఎందుకంటే వేసిన మేతంతా అక్కడే ఉంది.

బెండు వణుకుతూనే ఉండి ఎర పదే పదే మాయమైతే పరకలు చేరాయి. పిండి మానేసి మక్కగింజ గుచ్చండి, వాటి నోట్లో పట్టదు. మేత దగ్గర బుడగలు బాగా వచ్చి ఒక్కసారి ఆగిపోతే వాలుగో కొర్రమీనో వచ్చి మిగతావాటిని తరిమి ఉండవచ్చు. ఇరవై నిమిషాలు ఆగి ఒకే ఒక్క ముద్ద వేసి చూడండి.

ప్రాణం మీద జాగ్రత్త

పైన కరెంటు తీగలు ఉన్న చోట గాలం ఎత్తొద్దు. కార్బన్ రాడ్, తడిసిన వెదురు రెండూ కరెంటును పారిస్తాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీత తర్వాత చాలా చెరువుల్లో దరికి పక్కనే లోతు గుంతలు ఉన్నాయి. చిక్కుకున్న కొక్కెం కోసం నీళ్లలోకి దిగొద్దు, దారం తెంపుకోండి. కట్ట గడ్డిలో రక్తపింజర ఉంటుంది. కూర్చునే ముందు కర్రతో గడ్డి కొట్టాలి, చీకటి పడితే టార్చి, కాళ్లకు బూట్లు. తెగిన తంగూసు ముక్కల్ని అక్కడే పారేయొద్దు, కొంగల కాళ్లకు, పశువుల మూతులకు చుట్టుకుంటాయి. ఇంటికి తెచ్చి పొయ్యిలో కాకుండా చెత్తలో వేయండి.

పట్టిన చేప

రవ్వ, బొచ్చె ఎండలో రెండు మూడు గంటలకే మెత్తబడతాయి. జాలిసంచిలో నీళ్లలో ఉంచడం కుదరకపోతే వెంటనే తల మీద ఒక దెబ్బ వేసి చంపి, మొప్పలు, పేగులు తీసి, కడిగి, చేప బరువుకు సమానమైన ఐసులో పెట్టండి. ఐసు లేకపోతే తడి గోనెసంచిలో పచ్చగడ్డి మధ్య, నీడలో, గాలి తగిలేలా వేలాడదీయండి. ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి బండి డిక్కీలో వేస్తే ఇల్లు చేరేసరికి వాసన వస్తుంది. కొర్రమీను తడి సంచిలో గంటల తరబడి బతికే ఉంటుంది, దాన్ని ఇంటి దగ్గరే కోసుకోవచ్చు. కొనేవాళ్లు మొప్పల ఎరుపు చూసి తాజాదనం తెలుసుకుంటారు కాబట్టి, ఎవరికైనా ఇవ్వాలనుకున్న చేపకు మాత్రం మొప్పలు తీయకుండా పేగులే తీసి ఐసులో పెట్టండి.